ఆమ్లజని తాకిడి – ఈస్టు కణము – విటమినులు

తుని నుండి తాండవనది దాటి పాయకరావుపేట మీదుగా సముద్రతీరమునకు పోవు దారుల వెంట తాటిచెట్లు కానవచ్చును. గెలలు వేయు కాలమున గీతపనివాడు ఉదయము, సాయంకాలము మోకు సాయముతో చెట్టెక్కి, గెల కొనను పలుచగా చెక్కి, లొట్టి కట్టి దిగును. చెక్కినచోట నుండి బొట్టుబొట్టుగా కారు రసములో నూటికి సుమారు పదిపాళ్లు చక్కెర యుండును. లొట్టి లోపల సున్నము పూసియుంచినచో ఆ తీపి చెడదు, అది నీరా. దానిని కాచి తాటిబెల్లము చేయుదురు. సున్నము పూయనిచో ప్రొద్దెక్కునప్పటికే రసము నురగలు కక్కి పులియనారంభించును, అదియే కల్లు.

ఈ మార్పును తెచ్చునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైనది ఈస్టు. గాలి వెంటను, పురుగుల వెంటను వచ్చి, పాత లొట్టి గోడలలో దాగియుండి, తీపి దొరకగానే ఈస్టు కణములు మొగ్గతొడిగి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగును. ఈ కణములను వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరు పొడవున రెండువందల వరకు పట్టును.

ఇంత చిన్న ప్రాణి బ్రతుకులో, మనుష్యదేహములోని ప్రతి కణమును ఎదుర్కొనవలసిన చిక్కు ఒకటి ఇమిడియున్నది. ప్రాణమును నిలుపు ఆమ్లజనియే ప్రాణమునకు హాని చేయుట ఆ చిక్కు. ఆ హానిని తప్పించుకొనుటలో విటమినులు చేయు సాయమెంత, అది ఎట్టిది అను ప్రశ్నకు ఈస్టుపై జరిగిన ప్రయోగములు చక్కని సమాధానములిచ్చినవి. ఆమ్లజని చెరుపును ఆపునని చెప్పి విటమిను బిళ్లలను విరివిగా అమ్ముచున్న ఈ దినములలో ఆ సమాధానములు ఎరుగదగినవి.

రెండు విధముల బ్రతుకు

ఈస్టునకు గాలి లేకున్నను బ్రతుకు గడచును. అప్పుడది చక్కెరను సారాయిగాను, బొగ్గుపులుసు వాయువుగాను విడగొట్టి, ఆ విడగొట్టుటలో దొరకు కొద్దిపాటి శక్తితో సరిపెట్టుకొనును. కల్లులో పొంగు నురగ ఆ వాయువే. చక్కెర సమృద్ధిగా నున్నంతకాలము, గాలి తగులుచున్నను, ఈస్టు ఎక్కువగా ఈ మార్గమునే పట్టును. చక్కెర తరిగిన పిదప దాని నడవడి మారును. తాను చేసిన సారాయినే ఆమ్లజని సాయముతో దహించి బ్రతుకసాగును. ఇది శ్వాసక్రియ. ఈ మార్గమున దొరకు శక్తి అనేక రెట్లు ఎక్కువ.

కాని శక్తి పెరుగుటతో పాటు అపాయమును పెరుగును. సముద్రపు గాలికి కిటికీ ఊచలు త్రుప్పుపట్టుట, నిలువయున్న నూనె చెడువాసన కొట్టుట అందరును చూచినదే. రెండింటికిని కారణము ఆమ్లజని. జీవకణములో ఇనుము కలదు, క్రొవ్వుపదార్థములు కలవు. అవి మాత్రము ఆమ్లజని తాకిడికి ఎట్లు తప్పించుకొనగలవు?

ఆమ్లజని హాని చేయు తీరు

ఒక ఆమ్లజని అణువు నీరుగా మారవలెనన్న నాలుగు ఎలక్ట్రానులను గ్రహింపవలెను. శ్వాసక్రియ జరుగు మైటోకాండ్రియాలలో ఈ నాలుగింటిని అందించు ఏర్పాటు చాల జాగ్రత్తగా జరుగును. అయినను అప్పుడప్పుడు కొన్ని ఎలక్ట్రానులు త్రోవ తప్పును. ఆమ్లజనికి ఒకే ఎలక్ట్రాను చేరినచో సూపరాక్సైడు అను పదార్థమేర్పడును. రెండు చేరినచో హైడ్రొజన్ పెరాక్సైడు. పుండ్లు కడుగుటకు వాడు మందు ఇదే. మూడవది కూడ చేరినచో హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టును. ఈ మూడింటిలో కడపటిది మిక్కిలి క్రూరమైనది. తాను పుట్టినచోటనే, ఎదుట నున్నది మాంసకృత్తు కానిండు, క్రొవ్వు కానిండు, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. కానిండు, దానిని చెరచును.

హైడ్రొజన్ పెరాక్సైడు తనంత తాను అంత ప్రమాదకరము కాదు. ఇనుము తోడైనప్పుడు దానినుండి ఈ క్రూర పదార్థము పుట్టును. ఇనుము, పెరాక్సైడు కలిసినప్పుడు జరుగు తీవ్రమైన ఆక్సీకరణమును ఫెంటన్ అను ఇంగ్లీషు రసాయనశాస్త్రజ్ఞుడు 1894లోనే వర్ణించియుండెను. అయితే జీవకణములో ఇట్టిది జరుగుచున్నదని చాలకాలము ఎవరును ఊహింపలేదు. 1956లో డెన్‌హామ్ హార్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ముసలితనమునకు ఈ పదార్థములే కారణమై యుండవచ్చునని సూచించెను. 1969లో మెకార్డ్, ఫ్రిడొవిచ్ అనువారు సూపరాక్సైడును అణచు ఎంజైము ఒకటి కణములలో కలదని కనుగొన్న తరువాత విషయము స్థిరపడినది. శత్రువు లేనిచో దానిని అణచు ఎంజైము ఉండనేల?

ఈ హానికర పదార్థములు పుట్టు వేగము, కణము వాటిని అణచు వేగమును మించినప్పుడు కలుగు స్థితికే ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు. ఇవి పుట్టుటయే ఒత్తిడి కాదు, త్రాసు ఒకవైపునకు మొగ్గుట ఒత్తిడి. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

కణము చేసికొన్న కట్టుదిట్టము

ఈస్టు కణములోని మొదటి కాపరి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అను ఎంజైము. ఇది సూపరాక్సైడును పెరాక్సైడుగా మార్చును. ఇందులో రెండు రకములు కలవు. ఒకదానిలో రాగి, జింకు ఉండును. మైటోకాండ్రియాలలో నుండు రెండవదానిలో మాంగనీసు ఉండును. రెండవ కాపరి కేటలేజు. ఇది పెరాక్సైడును నీరుగాను, ఆమ్లజనిగాను విడగొట్టును.

మూడవ కాపరి గ్లూటాథయోను. మూడు ఆమైనో ఆమ్లముల కలయికతో ఏర్పడిన ఈ చిన్న అణువు తన ఎలక్ట్రానులను దానము చేసి పెరాక్సైడును నీరుగా మార్చుటకు తోడ్పడును. దీనిని మొదట గుర్తించినది ఈస్టులోనే. 1888లో ఫ్రాన్సు దేశస్థుడు డ రే-పయాద్ ఈస్టు రసములో దీని ఉనికిని కనుగొనగా, 1921లో హాప్కిన్సు దీనిని ఈస్టు నుండి, కండరముల నుండి తీసి ఇప్పటి పేరు పెట్టెను.

విటమినులకు ఈస్టుతో పాత చుట్టరికము

విటమినుల చరిత్రలో ఈస్టునకు పెద్దపీట కలదు. 1901లో బెల్జియము దేశమున వైల్డియర్సు ఒక సంగతి గమనించెను. చక్కెర, లవణములు మాత్రమే యున్న నీటిలో కొద్దిపాటి ఈస్టును వేసినచో అది పెరుగలేదు. ఉడికించిన ఈస్టు రసమును రవ్వంత చేర్చగనే పెరిగినది. ఆ తెలియని పదార్థమునకు ఆయన 'బయాస్' అని పేరుపెట్టెను. అది ఒక్క పదార్థము కాదని, పెక్కింటి కూడిక యని తరువాత తేలినది. వాటిలో పాంటోథెనిక్ ఆమ్లము, బయోటిను మనుష్యునకును కావలసిన విటమినులు.

1920ల నాటికి అమెరికాలో గోల్డ్‌బెర్గర్ అను వైద్యుడు, మొక్కజొన్న తిను పేదలను పీడించుచుండిన పెల్లగ్రా వ్యాధిని ఈస్టు మాన్పునని చూపెను. ఈస్టులోని ఆ గుణమునకు కారణము నయాసిను అను విటమిను. ఇదే వ్యాధి దక్కనులో జొన్న తినువారిలోను కానవచ్చుచుండెను. దీనిపై గోపాలన్, శ్రీకాంతియా అను శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. బొంబాయిలో లూసీ విల్సు అను వైద్యురాలు గర్భిణీస్త్రీల రక్తహీనతను ఈస్టు సారముతో కుదిర్చి, ఆ సంగతిని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లమునది. దానిని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధకులకు నాయకుడు, గోదావరిసీమలోని భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇట్లు ఈస్టు మొదట విటమినుల గని. ఇప్పుడది విటమినుల పనిని పరీక్షించు ప్రయోగశాల. 1996లో ఈస్టు జన్యువులన్నింటిని చదువుట పూర్తియైనది. అవి సుమారు ఆరువేలు. వాటిలో కోరిన జన్యువును తీసివేసి కణమున కేమగునో చూడవచ్చును. ఈస్టులో లోపించిన రాగి-జింకు డిస్మ్యుటేజ్‌కు బదులు మనుష్యుని జన్యువును చేర్చినను పని సాగును. ఈస్టునకును, మనుష్యునకును కణయంత్రములో గల పోలిక అంతటిది.

బి విటమినులు: బిందెలందించు వరుస

గ్లూటాథయోను ఒకసారి ఎలక్ట్రానులను ఇచ్చివేసిన పిదప ఒట్టిచేతులతో మిగులును. మరల ఎలక్ట్రానులు అందినగాని అది పనికి రాదు. వాటిని అందించుటకు కణములో ఒక వరుస కలదు. ఊరిలో పాక అంటుకొన్నప్పుడు చెరువు మొదలు పాక వరకు జనులు బారుగా నిలిచి బిందెలందించుకొందురు గదా! ఇదియు అట్టిదే.

ఇందులో చెరువు చక్కెర. చక్కెర నుండి ఎలక్ట్రానులను తోడుకొను మార్గమొకటి కలదు. ఆ మార్గమున ట్రాన్స్‌కీటొలేజ్ అను ఎంజైము పనిచేయుటకు బి-1 విటమిను, అనగా థయమిను, కావలెను. తోడిన ఎలక్ట్రానులను మోయు బిందె ఎన్.ఏ.డి.పి. అను పదార్థము, అది నయాసిను విటమిను నుండి తయారగును. బిందెను అందుకొని గ్లూటాథయోనుకు ఎలక్ట్రానులనిచ్చు ఎంజైములో బి-2 విటమిను, అనగా రైబోఫ్లేవిను, ఇమిడియుండును. వరుసలో ఒక్కరు లేకున్నను మంట దగ్గరకు నీరు చేరదు.

దీనినిబట్టి ఒక ముఖ్యవిషయము తేటపడును. ఈ బి విటమినులు తాము మంటపై పడు నీరు కావు. అవి బిందెలు, చేతులు. వరుసలో బిందెలు కొరవడినప్పుడు నాలుగు బిందెలు తెచ్చిన మేలగును. ఉన్నవారికి సరిపడ బిందెలున్నప్పుడు మరి నూరు తెచ్చి గట్టున పెట్టినంత మాత్రమున మంట త్వరగా ఆరదు.

అయితే ప్రకృతి ఉపమానముల హద్దులో నిలువదు. పోలండు దేశపు శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన ప్రయోగములలో, థయమిను చేర్చి పెంచిన ఈస్టు కణములు ఆక్సీకరణ ఒత్తిడికే కాక, వేడిమికి, ఉప్పదనమువంటి ఒత్తిళ్లకు కూడ ఎక్కువగా తట్టుకొన్నవి. ఈ మేలులో కొంతభాగము థయమిను పనిచేయు ఎంజైములతో సంబంధము లేకుండగనే కలుగుచున్నదనియు వారు తేల్చిరి.

బి-6 విటమిను కథ మరియొక తీరుది. పొగాకు ఆకులపై కప్పకన్ను తెగులును కలిగించు సెర్కోస్పోరా అను బూజు ఎండ సోకినంతనే ఆమ్లజనిని ఉద్రేకింపజేయు విషమును చిమ్మి ఆకును చంపును. మరి ఆ విషము మధ్య బూజు తానెట్లు బ్రతుకుచున్నది? దానిని కాపాడు జన్యువుకొరకు వెదకిన అమెరికా శాస్త్రజ్ఞులకు 1999లో దొరకినది బి-6 విటమినును తయారుచేయు జన్యువు. ఈస్టులోను దానిని పోలిన జన్యువులు కలవు. ఎంజైములకు తోడ్పడు విటమిను అనియే అదివరకు పేరుపడిన బి-6, ఉద్రిక్తమైన ఆమ్లజనిని తానే అణచగలదని అప్పుడు తెలిసినది.

సి, ఇ విటమినులు: బయటినుండి వచ్చు సాయము

ఈస్టు సి విటమినును తయారుచేయదు. దానిని పోలిన, ఒక కర్బన పరమాణువు తక్కువగా గల వేరొక పదార్థమును చేసికొనును. ఇ విటమినును అసలే చేయదు. కావున ఈ రెండింటిని బయటినుండి ఇచ్చి ఫలితమును చూచుట సులభము.

రాగి-జింకు డిస్మ్యుటేజ్ జన్యువు తీసివేసిన ఈస్టు, గాలిలేనిచోట మామూలుగానే పెరుగును. గాలి తగిలినచో లైసిను, మెథియొనిను అను రెండు ఆమైనో ఆమ్లములను తయారుచేసికొనలేక, వాటిని ఆహారములో అందించినగాని పెరుగజాలదు. ఇట్టి ఈస్టునకు సి విటమినును చేర్చగా, ఆ ఆమైనో ఆమ్లములు ఈయకున్నను గాలిలో పెరిగినట్లు 2005లో పోలండు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. లోపించిన ఎంజైము పనిని విటమిను కొంతవరకు నిర్వహించినదన్నమాట. ఏ పదార్థమునకు ఇట్టి శక్తి కలదో పరీక్షించుటకు ఈ ఈస్టునే వాడుకొనవచ్చునని కూడ వారు సూచించిరి.

ఇ విటమిను క్రొవ్వులో కరుగును. కణపు పొరలలో కాపుండును. ఈస్టు తన పొరలలో సులభముగా చెడిపోవు రకపు క్రొవ్వులను చేసికొనదు. అట్టివి నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనె వంటి వాటిలో మెండు. 1996లో కాలిఫోర్నియాలోని పరిశోధకులు, యుబిక్వినోను అను రక్షకపదార్థమును చేసికొనలేని ఈస్టునకు ఇట్టి క్రొవ్వు ఆమ్లములను మేపిరి. మామూలు ఈస్టు తట్టుకొన్నది. లోపము గల ఈస్టు చాలవరకు చచ్చినది. ఇ విటమినును చేర్చినచో చావు తప్పినది. క్రొవ్వులో ఒక అణువు చెడి ప్రక్క అణువును చెరచుచు సాగు గొలుసును ఇ విటమిను నడుమ త్రెంచును.

మిత్రుడే శత్రువగుట

ఇంతవరకు చదివినవారికి, విటమిను లెంత ఎక్కువైన అంత మేలను తలంపు కలుగవచ్చును. అది పొరపాటు.

సి విటమిను ఎలక్ట్రానులను దానము చేయు గుణము కలది. దానము పుచ్చుకొనువాడెవడో అది చూడదు. ఇనుము గాని, రాగి గాని విడిగా నున్న ద్రావణములో ఆ ఎలక్ట్రానులు లోహమునకు చేరును. అట్లు చేరిన లోహము పెరాక్సైడుతో కలిసి, ముందు చెప్పిన క్రూర రాడికల్‌ను మరల మరల పుట్టించును. ఒకే విటమిను ఒకచోట మంటనార్పును, మరియొకచోట మంటను రేపును. మోతాదు, లోహముల ఉనికి, కణపు స్థితి: ఈ మూటిని చెప్పక "ఈ విటమిను మంచిది" అనుట అసంపూర్ణమైన మాట.

మరియొక వింత. ఈస్టును మొదట కొద్దిపాటి పెరాక్సైడుతో తాకించి, కొంతసేపటికి ఎక్కువ మోతాదు నిచ్చినచో, నేరుగా ఆ మోతాదు తగిలిన కణములకంటె ఇవి బాగుగా బ్రతుకును. మొదటి తాకిడి కణమును మేలుకొలిపి, రక్షక ఎంజైములను సిద్ధము చేయించును. అనగా పెరాక్సైడు శత్రువే కాక హెచ్చరిక కూడ. హెచ్చరికను పూర్తిగా తుడిచివేయుట కణమునకు మేలని చెప్పజాలము.

తరగతిలో చేయదగిన ప్రయోగము

బేకరీ సామానుల దుకాణములో దొరకు ఎండు ఈస్టు ఒక చెంచాడు గోరువెచ్చని నీటిలో చిటికెడు చక్కెరతో కలిపి పది నిమిషములుంచవలెను. దానిలో సగమును ఉడికించి చల్లార్చవలెను. మూడు పరీక్షనాళికలలో వరుసగా పచ్చి ఈస్టు, ఉడికించిన ఈస్టు, ఒట్టి నీరు సమానముగా పోసి, ఒక్కొక్కదానిలో నూటికి 3 పాళ్ల హైడ్రొజన్ పెరాక్సైడును ఉపాధ్యాయుడు కొద్దికొద్దిగా పోయవలెను. పెరాక్సైడు కండ్లకు తగులకుండ చూడవలెను. పచ్చి ఈస్టు గల నాళికలో నురగ బుసబుస పొంగును. కొన నిప్పు మాత్రము మిగిలిన అగరువత్తిని నురగ పైభాగమున నుంచినచో అది ప్రకాశించును, వెలువడునది ఆమ్లజని. ఉడికించిన ఈస్టులో నురగ దాదాపు ఉండదు, ఎంజైము వేడికి చెడినది గనుక.

ఇక్కడ విద్యార్థులను ఒక ప్రశ్న అడుగవలెను: ఈ నురగ విటమినుల పనియేనా? కాదు. ఇది కేటలేజు పని. అందులో నున్నది ఇనుమేగాని విటమిను కాదు.

సి విటమిను పనిని చూచుటకు వంకాయ చాలును. ఒక ముక్కను నీటిలో, ఒకదానిని సి విటమిను బిళ్ల కరిగించిన నీటిలో, ఇంకొకదానిని చింతపండు రసములో ముంచి గాలికి ఉంచవలెను. నీటిలో ముంచినది ముందుగా నల్లబడును. చింతపండు రసమెందుకు? పులుపు ఒక్కటే నలుపును ఎంతవరకు ఆపగలదో, విటమిను చేయు పని ఎంతయో వేరుచేసి చూచుటకు. పోల్చి చూచుటకు ఇట్టి ఏర్పాటు లేని ప్రయోగము దేనిని నిరూపింపదు.

ఈస్టు నుండి మనుష్యుని వరకు

ఈస్టు ఒంటి కణము. మనుష్యుడు కోట్లకొలది కణముల కూడిక. ఈస్టులో కనుగొన్నది మనుష్యునిలో ప్రశ్నగా వేసికొనవలెనే గాని సమాధానముగా తీసికొనరాదు. దీనికి చేదు నిదర్శనము కలదు. ఫిన్లండు దేశమున పొగత్రాగు 29,133 మంది పురుషులకు ఇ విటమినును, శరీరములో ఏ విటమినుగా మారు బీటా కెరొటినును బిళ్లలుగా ఇచ్చి చూచిరి. ఊపిరితిత్తుల పుట్టకురుపు తగ్గునని ఆశించిరి. 1994లో ఫలితము వెల్లడియైనది: బీటా కెరొటిను తినినవారిలో ఆ వ్యాధి తగ్గకపోగా నూటికి 18 వంతులు పెరిగినది. ఇ విటమిను వలన చెప్పదగిన మేలు కనిపింపలేదు. అమెరికాలో జరుగుచుండిన ఇట్టి మరియొక పరీక్షను 1996లో నడుమనే నిలిపివేసిరి.

విటమిను కొరత గలవానికి విటమిను మందే. అది వైద్యుడు నిర్ణయింపవలసిన సంగతి. కొరత లేనివానికి జామపండు, ఉసిరికాయ, మునగాకు, పప్పుధాన్యములు, పొట్టుతీయని గింజలు వలసిన పాళ్లలో వీటిని అందించును. ఆహారములో విటమిను ఒంటరిగా రాదు. తన వరుసలోని తోడివారితో కూడ వచ్చును. ఒక విటమినును గూర్చి ఏ ప్రకటన కనబడినను విద్యార్థి అడుగదగిన ప్రశ్నలు మూడు. పరీక్షించినది ఏ ప్రాణిలో? ఇచ్చిన మోతాదు ఎంత? దేనితో పోల్చి చూచిరి? లొట్టిలోని ఈస్టు కణము నేర్పు పాఠము ఈ మూడు ప్రశ్నలే.